ఏ స్టేజ్ బాక్స్ కొనాలి? పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు సౌండ్ వాళ్ల కోసం

గుణుపురంలో టెంట్ హౌస్‌తో పాటు మైక్ సెట్ కూడా నడిపే మా బావమరిది సంక్రాంతి తర్వాత ఫోన్ చేశాడు. "బావా, పదహారు లైన్ల మల్టీకోర్‌లో మళ్లీ నాలుగు లైన్లు పోయాయి. కొత్తది కొనమంటావా, ఆ డిజిటల్ పెట్టెకే వెళ్లిపోమంటావా?" అన్నాడు. మల్టీకోర్ అంటే ఒక్కో మైకుకు ఒక లైను చొప్పున చాలా లైన్లు కలిపిన లావు కేబుల్, వాడు డిజిటల్ పెట్టె అన్నది స్టేజ్ బాక్స్‌ను. అప్పటికి తోచింది చెప్పాను. ఆ తర్వాత రాయగడ నుంచి ఒకరు, బరంపురం నుంచి ఒకరు, అవతల పాతపట్నం నుంచి ఇంకొకరు ఇదే మాట అడిగారు. పర్లాకిమిడిలో ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి, తెలిసిందంతా ఒకచోట రాస్తే నలుగురికీ పనికొస్తుందనిపించింది.

స్టేజ్ బాక్స్ అంటే వేదిక మీదే ఉండే పెట్టె. మైకులు, కీబోర్డులు, ప్యాడ్‌ల వైర్లన్నీ దానికే పెడతాం. లోపలి ప్రీఆంప్‌లు సిగ్నల్‌ను పెంచి, అక్కడే డిజిటల్‌గా మార్చి, ఒక్క నెట్‌వర్క్ కేబుల్ మీద మిక్సర్‌కు పంపుతాయి. ఆంప్లిఫయర్లకు, మోనిటర్లకు (వేదిక మీదివాళ్లు వినే స్పీకర్లకు) వెళ్లాల్సిన సౌండ్ కూడా అదే కేబుల్ మీద తిరిగి వస్తుంది.

దీనివల్ల లాభం ఏమిటంటే చాలామంది క్వాలిటీ అంటారు, బరువు తగ్గుతుందంటారు. రెండూ నిజమే. కానీ మన ఊళ్లలో అసలు లాభం వేరే ఉంది. మల్టీకోర్ పొడవు చాలక, చాలినా జనం తొక్కుతారని భయపడి, మనం ఎప్పుడూ మిక్సర్‌ను స్టేజ్ పక్కన, స్పీకర్ బాక్సుల వెనకాల పెట్టుకుని కూర్చున్నాం. ముందు కూర్చున్న జనం వినేదేమిటో మనకు తెలియదు. పద్య నాటకంలో హార్మోనియం మీద రాగం తీసే పెద్దాయన గొంతు నాలుగో వరుస దాటుతోందో లేదో తెలుసుకోవడానికి కుర్రాణ్ని పంపి చెయ్యి ఊపమనేవాళ్లం. ఒక్క సన్నటి కేబుల్‌తో మిక్సర్‌ను జనం మధ్యకు తెచ్చుకోగలిగితే ఆ పాట్లు పోతాయి. అందుకే కొనేటప్పుడు నేను ముందు చూసేది ఈ పెట్టెతో నేను జనం మధ్యలో ధైర్యంగా కూర్చోగలనా అన్నదే. మిగతావి దాని తర్వాతే.

మల్టీకోర్‌ను మరీ తీసిపారేయకండి. అందులో ఒక లైను తెగితే ఒక మైకే పోతుంది, పక్క లైనుకు మార్చుకుంటే సరిపోతుంది. స్టేజ్ బాక్స్ కేబుల్ తెగితే మొత్తం సభ మూగబోతుంది. రామాలయంలో భజనలు, చిన్న పెళ్లిళ్లు, ఎనిమిది మైకుల లోపు కార్యక్రమాలే మీవైతే మంచి మల్టీకోర్ కొనుక్కుని, మిగిలిన డబ్బు స్పీకర్ బాక్సుల మీద పెట్టండి. ఈ మాట మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

మీ మిక్సర్ మాట్లాడే భాష ఏది?

మనవైపు తెలుగు, ఒడియా, సవర మూడూ వినపడతాయి. ఒకరి మాట ఒకరికి అందాలంటే మధ్యలో మనిషి కావాలి. స్టేజ్ బాక్సులదీ అదే కథ. అన్నిటికీ వాడేది చూడటానికి ఒకే రకం నెట్‌వర్క్ కేబుల్. కానీ దాని మీద నడిచే భాషలు వేరు. ఒక భాష బాక్సు తెచ్చి ఇంకో భాష మిక్సర్‌కు పెడితే పనిచేయదు. కాబట్టి మిక్సర్ ఇప్పటికే ఉంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

బెహ్రింగర్ ఎక్స్32, మైదాస్ ఎం32, బెహ్రింగర్ వింగ్ మాట్లాడేది ఏఈఎస్50. 48 కిలోహెర్ట్జ్ (శబ్దాన్ని సెకనుకు 48 వేలసార్లు కొలిచే వేగం) దగ్గర ఒక కేబుల్ మీద అటు 48, ఇటు 48 ఛానళ్లు నడుస్తాయి. వీటికి బెహ్రింగర్ ఎస్16, మైదాస్ డీఎల్16 పెట్టుకోవచ్చు. రెండిటిలోనూ 16 ఇన్‌పుట్లు, 8 ఔట్‌పుట్లు ఉంటాయి. పెద్దవి కావాలంటే 32 ఇన్‌పుట్లు, 16 ఔట్‌పుట్లతో ఎస్32, డీఎల్32 ఉన్నాయి. ఈ కుటుంబంలో ఎవరి పెట్టె ఎవరి మిక్సర్‌కైనా కలుస్తుంది, బెహ్రింగర్ మిక్సర్‌కు మైదాస్ బాక్స్ పెట్టినా పనిచేస్తుంది. ఎక్స్32 కాంపాక్ట్, ప్రొడ్యూసర్ వాడేవాళ్లకు ఇది మరీ కలిసొస్తుంది. వాటి వెనక మైక్ ఇన్‌పుట్లు 16 మాత్రమే ఉన్నా లోపల ఛానళ్లు అంతకు రెట్టింపు ఉంటాయి. ఒక ఎస్16 పెడితే 32 మైకుల సెట్ తయారైపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. ఏఈఎస్50 కేబుల్‌ను మామూలు నెట్‌వర్క్ స్విచ్‌కు (ఒక కేబుల్‌ను నాలుగు చోట్లకు పంచే పెట్టెకు) పెట్టకూడదు. మిక్సర్ నుంచి బాక్సుకు నేరుగానే వెళ్లాలి.

అలెన్ అండ్ హీత్ పాత క్యూ సిరీస్ మిక్సర్లది డీస్నేక్. వాటికి ఏబీ168 అని నేల మీద పెట్టుకునే పెట్టె ఉంది, 16 ఇన్‌పుట్లు, 8 ఔట్‌పుట్లు. ఇంకా పెద్దది ఏఆర్2412, 24 ఇన్‌పుట్లు, 12 ఔట్‌పుట్లు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. క్యూ-16కు ఏబీ168 పెట్టినంత మాత్రాన ఛానళ్లు 32 అయిపోవు. క్యూ-16లో మోనో ఛానళ్లు పదహారే, ఒక్కోదానికి మిక్సర్ వెనక జాకా, స్టేజ్ మీది జాకా అన్నది ఎంచుకుంటాం, అంతే. ఇది తెలియక బాక్స్ కొని, డ్రమ్స్ అంతా తగిలించాక పాడేవాళ్లకు ఛానల్ మిగలక తలపట్టుకున్న స్నేహితుణ్ని చూశాను. అదే కంపెనీ ఎస్‌క్యూ-5లో అయితే వెనక 16 ప్రీఆంప్‌లే ఉన్నా 48 ఇన్‌పుట్ ఛానళ్లు ఉంటాయి కాబట్టి బాక్స్ పెట్టిన కొద్దీ పెరుగుతుంది. ఎస్‌క్యూ నడిచేది 96 కిలోహెర్ట్జ్ మీద. దానికి తగ్గ బాక్స్ డీఎక్స్168. పాత ఏబీ168 కూడా దానికి పనిచేస్తుంది, కాకపోతే ఆ పెట్టె వరకు 48 కిలోహెర్ట్జ్. పందిరి కింద, జెనరేటర్ మోత మధ్య ఆ తేడా ఎవరి చెవికీ ఆనదు. దానికోసం అప్పు చేయకండి.

యమహా టీఎఫ్ మిక్సర్లకు టియో1608-డి ఉంది, ఇదీ 16 ఇన్‌పుట్లు, 8 ఔట్‌పుట్లే. ఇది మాట్లాడేది డాంటే. టీఎఫ్ మిక్సర్‌లో డాంటే పుట్టుకతో ఉండదు, ఎన్‌వై64-డి అనే కార్డు విడిగా కొని పెట్టాలి. రేటు అడిగినప్పుడు బాక్స్, కార్డు కలిపి అడగండి. చిన్న మిక్సర్ డీఎం3 రెండు రకాలుగా వస్తుంది, స్టాండర్డ్ అన్నదానిలో డాంటే లేదు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేటప్పుడు ఏది చేతికొస్తోందో పేరు చూసుకోండి. డాంటే గొప్పతనం ఏమిటంటే వేరే వేరే కంపెనీల వస్తువులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, గిగాబిట్ స్విచ్ మధ్యలో పెట్టి నాలుగు చోట్లకు పంచుకోవచ్చు. కష్టం కూడా అక్కడే ఉంది. కరెంటు ఆదా చేసే సదుపాయం ఉన్న స్విచ్ పెడితే మధ్యమధ్యలో సౌండ్ తునకలవుతుంది, ఆ సదుపాయం ఆపేయాలి. నెట్‌వర్క్ గురించి కొంచెం తెలిసిన కుర్రాడు మీ టీమ్‌లో ఉంటే డాంటే వరం, లేకపోతే కార్యక్రమం మధ్యలో టెన్షన్.

మిక్సర్ ఇంకా కొనలేదా? అయితే కేటలాగ్ తెరవకముందు మీ చుట్టుపక్కల ముప్పై నలభై కిలోమీటర్లలో మీలాంటి వాళ్ల దగ్గర ఏ కుటుంబం ఉందో కనుక్కోండి. మనకు పాడైతే రిపేరుకు విశాఖపట్నమో, భువనేశ్వరో పంపాలి. వస్తువు తిరిగొచ్చేసరికి పెళ్లిళ్ల సీజన్ దాటిపోవచ్చు. ఆ రాత్రికి మనల్ని ఆదుకునేది కాశీనగర్‌లోనో, పలాసలోనో ఉన్న స్నేహితుడి బాక్స్ మాత్రమే. అదీ మన మిక్సర్ భాష మాట్లాడితేనే.

మిక్సర్, బాక్స్ రెండూ ఒకటే అయితే

బెహ్రింగర్ ఎక్స్‌ఆర్18, మైదాస్ ఎంఆర్18, సౌండ్‌క్రాఫ్ట్ యూఐ24ఆర్ లాంటివి ఇంకో దారి. వీటిలో మిక్సర్ మొత్తం స్టేజ్ మీది పెట్టెలోనే ఉంటుంది. మనం ట్యాబ్‌లోనో, లాప్‌టాప్‌లోనో నడుపుతాం. ఆడియో కేబుల్ అసలు జనం మధ్యకు రాదు. కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు డబ్బు పరంగా ఇంతకన్నా తేలికైన దారి నాకు తెలియదు.

కానీ ఎక్స్‌ఆర్18లోని సొంత వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది. సౌండ్ చెక్‌లో, ఖాళీ మైదానంలో బ్రహ్మాండంగా ఉంటుంది. బరంపురం ఠాకురాణి యాత్ర రోజుల్లో ప్రతి జేబులో ఫోన్ ఉన్న జనం ముందు అదే వైఫై చేతులెత్తేస్తుంది. సౌండ్ ఆగదు, అది పెట్టెలోనే నడుస్తుంది కదా. కానీ మైక్ కూత పెడుతుంటే తగ్గించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. అందుకని 5 గిగాహెర్ట్జ్ ఉన్న రౌటర్ విడిగా పెట్టండి, దాన్ని స్టేజ్ వెనక నేల మీద పడేయకుండా తలల కన్నా ఎత్తులో కట్టండి. ఇంకా మంచిది, పెట్టె నుంచి లాప్‌టాప్‌కు మామూలు లాన్ కేబుల్ లాగేయండి. దాని మీద వెళ్లేది ఆడియో కాదు, ఆదేశాలే కాబట్టి మామూలు స్విచ్ ఉన్నా ఫర్వాలేదు. ఒకవేళ తెగినా పాట ఆగదు. నేను చిన్న కార్యక్రమాలకు ఇప్పటికీ ఇదే వాడుతున్నాను.

దీని హద్దు కూడా తెలుసుకోండి. ఎక్స్‌ఆర్18లో మైక్ ఇన్‌పుట్లు 16, మోనిటర్లకు ఆక్స్ ఔట్‌పుట్లు 6. దానికి ఏఈఎస్50 పోర్టు లేదు, రేపు ఎస్16 తెచ్చి కలుపుదామంటే కుదరదు. పెద్ద మెలోడీ పార్టీల (ఆర్కెస్ట్రాల) పని మీద కన్నున్న వాళ్లు ఈ ఒక్క కారణంతో ఆలోచించుకోవాలి.

ఎన్ని ఇన్‌పుట్లు

కాగితం తీసుకుని పోయిన ఏడాది మీరు చేసిన అతి పెద్ద మూడు కార్యక్రమాలు రాయండి. మన దగ్గర లెక్క ఇంచుమించు ఇలా ఉంటుంది. పద్య నాటకానికి హార్మోనియం, తబలా, ముందు వరుసలో నేల మైకులు, రెండు మూడు కార్డ్‌లెస్‌లు కలిపి పది. గజపతి జిల్లా కొండల్లో జరిగే సువార్త సభలకు కోయిర్, కీబోర్డ్, ప్యాడ్, బోధకుడి మైకు, పక్కన అనువాదకుడి మైకు అన్నీ కలిపి పన్నెండు, పద్నాలుగు. మెలోడీ పార్టీ వస్తే లెక్క మారిపోతుంది. డ్రమ్ సెట్టే ఏడెనిమిది, ఆక్టాప్యాడ్ రెండు, ఢోలక్, తబలా కలిపి నాలుగు, రెండు కీబోర్డులు స్టీరియోలో నాలుగు, బేస్, గిటార్లు, నలుగురు పాడేవాళ్లు, ఒడియాలో ఒకరు తెలుగులో ఒకరు యాంకర్లు. ఇరవై ఐదు దాటేస్తుంది.

ఏడాదికి ఒకటో రెండో మెలోడీలు వస్తాయని 32 ఇన్‌పుట్ల పెట్టె కొనకండి. 16ది ఒకటి కొని, ఆ రోజులకు రెండోది అద్దెకు తెచ్చుకోండి. ఎస్16లను ఒకదాని వెనక ఒకటి కలుపుకుంటూ పోవచ్చు. నిజానికి 32ది ఒకటి కన్నా 16వి రెండు ఉండటమే నాకు ఇష్టం. ఒకటి డ్రమ్స్ దగ్గర, ఒకటి పాడేవాళ్ల పక్కన పెడితే మైకు వైర్లు చిన్నవైపోతాయి. ఒకటి మొరాయిస్తే రెండోదానితో కార్యక్రమం గట్టెక్కుతుంది.

ఔట్‌పుట్లు లెక్కపెట్టడం మాత్రం అందరూ మరిచిపోతారు. ఎడమ, కుడి, సబ్‌లకు (బేస్ స్పీకర్లకు) ఒకటి, నాలుగు మోనిటర్లు వేస్తే ఏడు అయిపోయాయి. దూరంగా ఆడవాళ్లు కూర్చునే వైపు ఇంకో జత స్పీకర్ బాక్సులు పెట్టమని కమిటీ వాళ్లు అడిగితే 8 ఔట్‌పుట్ల పెట్టెలో చోటు లేదు.

ఆలస్యం గురించి కొందరు భయపెడతారు. ఎస్16 నుంచి ఎక్స్32కు వెళ్లి తిరిగి రావడానికి పట్టేది సుమారు 1 మిల్లీసెకను. ఆ సమయంలో గాలిలో శబ్దం నడిచేది 34 సెంటీమీటర్లు. గాయకుడు మోనిటర్ నుంచి ఒక అడుగు వెనక్కి జరిగితే అంత తేడా ఎలాగూ వస్తుంది.

కేబుల్, కరెంటు

బాక్సు ఏదైనా మన పరువు ఉండేది కేబుల్ మీదే. నాకు ఇది మోహన వైపు ఒక సువార్త సభలో తెలిసింది. బాక్సు కొత్తది. కేబుల్ మాత్రం కంప్యూటర్లకు వాడేది, షీల్డ్ (తీగల చుట్టూ లోహపు పొర) లేనిది, ప్లాస్టిక్ ప్లగ్గులది, ఒక కొట్టులో "సార్, ఇదీ అదీ ఒకటే" అంటే నమ్మి తెచ్చాను. చలికాలం, పొడి గాలి. బోధకుడు తెలుగులో ఒక వాక్యం, పక్కనున్నాయన సవరలో ఒక వాక్యం చెప్తున్నారు. కొండ ఊళ్ల నుంచి నడిచొచ్చిన ముసలమ్మలు ముందు వరుసల్లో కూర్చున్నారు. ఉన్నట్టుండి పటపటమని స్పీకర్ బాక్సులు పేలినంత శబ్దం, మళ్లీ నిశ్శబ్దం. మూడుసార్లు అలాగే అయింది. మూడోసారికి ఒక ముసలమ్మ చెవులు మూసుకుని ఏడ్చినంత పనిచేసింది. రెండో కేబుల్ తీసుకెళ్లలేదు. పాత ఎనిమిది లైన్ల మల్టీకోర్ పరిచి ఎలాగో ముగించాం. ఆ రాత్రి తిరిగొచ్చేటప్పుడు బండిలో ఎవరం మాట్లాడుకోలేదు.

కారణం తర్వాత తెలిసింది. షీల్డ్ లేని కేబుల్‌కు స్టాటిక్ కరెంటు తగిలితే ఏఈఎస్50 లింకు క్షణం తెగి మళ్లీ కలుస్తుంది. ఆ తెగడమే మనకు పేలుడులా వినపడుతుంది. అందుకే షీల్డ్ ఉన్న క్యాట్ 5ఈ కేబుల్, రెండు చివరలా ఇనుప తొడుగున్న ఈథర్‌కాన్ కనెక్టర్లు, ఆ తొడుగుకు షీల్డ్ అతికి ఉండటం తప్పనిసరి. బజారులో చవగ్గా దొరికేవాటిలో చాలావాటి లోపల అల్యూమినియం తీగ మీద రాగి పూత మాత్రమే ఉంటుంది. బ్లేడుతో తీగను గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే వద్దు. చర్చిలో, కళ్యాణ మండపంలో గోడ లోపల వేసి వదిలేసే కేబుల్‌కైతే ఒంటి తీగ రకం మంచిది. రోజూ చుట్టి, విప్పి వాడేదానికి సన్నని పోగులు మెలేసిన రకం తీసుకోవాలి, ఒంటి తీగ నలిగి విరిగిపోతుంది. పోగుల రకంలో సిగ్నల్ కొంచెం త్వరగా బలహీనపడుతుంది, కాబట్టి కాగితం మీద 100 మీటర్లు రాసి ఉన్నా నేను 60 దాటను. మన మైదానాలకు 50 చాలు. రెండు ముక్కలను జాయింటుతో కలపడం మాత్రం వద్దు.

ఎప్పుడూ రెండు కేబుళ్లు పక్కపక్కనే పరచండి, రెండోది దేనికీ పెట్టకుండా వదిలేయండి. మొదటిది పోతే మెయిన్ మ్యూట్ చేసి ప్లగ్గు మార్చడానికి అర నిమిషం చాలు. ట్రాక్టర్లు దాటే చోట వెదురు గడలకు కట్టి పైనుంచి తీసుకెళ్లండి.

కరెంటు విషయం. స్టేజ్ బాక్సుకూ కరెంటు కావాలన్నది మల్టీకోర్ అలవాటున్న మనకు మొదట్లో గుర్తురాదు. లైను పోయి జెనరేటర్ అందుకునే ఆ కొన్ని క్షణాల్లో ఆంప్లిఫయర్లు ఆగి వెంటనే లేస్తాయి. మిక్సర్, బాక్స్ ఆగితే మాత్రం అవి మళ్లీ తెరుచుకుని ఒకదాన్నొకటి గుర్తుపట్టే దాకా సభంతా మన వైపే చూస్తుంది. ఇవి తినే కరెంటు తక్కువే. కంప్యూటర్‌కు వాడే 600 వీఏ యూపీఎస్ స్టేజ్ మీద ఒకటి, మిక్సర్ దగ్గర ఒకటి పెడితే సరిపోతుంది. చాలా పెట్టెలు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. కానీ జెనరేటర్ న్యూట్రల్ వదులైతే 230 రావలసిన చోట 400 దగ్గరకు వెళ్లగలదు, అప్పుడు ఏదీ మిగలదు. ప్లగ్గు పెట్టే ముందు మీటరుతో చూసే పని ఎవరికీ అప్పగించకండి, మీరే చూడండి. షీల్డ్ ఉన్న కేబుల్ రెండు పెట్టెల బాడీలనూ కలుపుతుంది కాబట్టి, మిక్సర్‌కు ఎదురింటి నుంచి కరెంటు తీసుకోకండి. స్టేజ్ మీది లైను, ఎర్తింగ్‌తోనే ఎక్స్‌టెన్షన్ లాగండి.

మా బావమరిది ఏం చేశాడంటే

వాడి దగ్గర ఎక్స్32 కాంపాక్ట్ ఉంది కాబట్టి డాంటే, డీస్నేక్ మాటే రాలేదు. ఎస్16, డీఎల్16 మధ్య తేల్చుకోవాలి. రెండిటి పనీ ఒకటే, డీఎల్16 ధర ఎక్కువ. కేబుళ్లకు, యూపీఎస్‌లకు డబ్బు మిగలాలి కాబట్టి ఎస్16 తీసుకోమన్నాను. విశాఖలో సెకండ్ హ్యాండ్‌ది ఒకటి దొరికితే ఇద్దరం కలిసి వెళ్లాం. పదహారు జాకుల్లోనూ ఒకే మైకు మార్చి మార్చి పెట్టి విన్నాం. ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైకు పనిచేయడానికి మైకు లైనులోనే వెళ్లే కరెంటు) అన్నిటికీ వస్తోందో లేదో కండెన్సర్ మైకుతో చూశాం. ఎనిమిది ఔట్‌పుట్లూ విన్నాం. కేబుల్ పెట్టి, ప్లగ్గు దగ్గర వేలితో అటూ ఇటూ కదిపాం, అప్పుడు లింకు లైటు ఆరితే పోర్టు అరిగిపోయినట్టే. రెండు గంటలు ఆపకుండా నడిపి, వేడెక్కాక ఏమైనా శబ్దం మారుతుందేమో విన్నాం. అమ్మే ఆయన కాస్త విసుక్కున్నాడు గానీ టీ తెప్పించాడు.

ఒక బాక్స్, యాభై మీటర్ల కేబుళ్లు రెండు, యూపీఎస్‌లు రెండు. ఆ నాలుగు లైన్లు పోయిన మల్టీకోర్‌ను పారేయనివ్వలేదు. మిగిలిన పన్నెండు లైన్లు బండిలోనే ఉంటాయి. మొన్న శివరాత్రికి వాడు మిక్సర్‌ను జనం మధ్యలో, చింతచెట్టు కింద పెట్టుకుని నాకు ఫోటో పంపాడు.